క్లాసులో మా పెద్దసారును ఉద్యోగం నుంచి తీసేసిన సంగతి

గౌరవనీయులైన సంచాలకులు గారి సముఖమునకు,
ఉద్యోగుల వారాంతపు పి.జి. మేనేజ్‌మెంట్ కోర్సు విభాగం.

అయ్యా,

విషయం: ఈ శనివారం జరగబోయే క్లాసు అభ్యాసం నుంచి నన్ను మినహాయించమని, లేదా నా గ్రూపు మార్చమని, రెండూ కుదరని పక్షంలో ఆ అభ్యాసంలో నాతో అనబోయే మాటలు క్లాసు గది బయట చెల్లవని సంస్థ ముద్రతో ఒక కాగితం ఇప్పించమని ప్రార్థన.

పై విషయమై తమకు సవినయంగా మనవి చేసుకునేది ఏమనగా:

1. నేను తమ కోర్సులో మొదటి సంవత్సరం విద్యార్థినిని. వారమంతా ఒక పెద్ద లాండ్రీలో షిఫ్టు సూపర్‌వైజరుగా పనిచేస్తాను. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ తువాళ్ళు మా దగ్గర ఉతికి, రోలర్ల కింద ఇస్త్రీ అయి, మడతపడి తిరిగి వెళ్తాయి. మా ఇంట్లో బడి గడప తొక్కిన మొదటి మనిషిని నేనే. మా అమ్మ అదే లాండ్రీలో మడత బల్ల దగ్గర పనిచేస్తుంది. నేనూ ఆ బల్ల దగ్గరే మొదలుపెట్టి, దుప్పట్లు మడతపెడుతూనే డిగ్రీ పూర్తిచేసి, సూపర్‌వైజరునయ్యాను. ఇదంతా గొప్పకు చెప్పుకోవడం లేదు. నా భయం తమకు అర్థం కావాలంటే ఇంత వరకైనా తెలియాలని విన్నవించుకున్నాను.

2. ఆ లాండ్రీ మేనేజరు గారు, మేమంతా పెద్దసారు అని పిలిచే ఆయన, ఇదే కోర్సులో, ఇదే బ్యాచిలో చేరి ఉన్నారు. ఈ సంగతి నాకు ముందుగా తెలియదు. మొదటి రోజు ఆయన క్లాసు గదిలోకి రాగానే తనిఖీకి వచ్చారనుకుని లేచి నిలబడ్డాను. పక్కనున్న బ్యాంకు ఆవిడ నా చెయ్యి పట్టి కిందికి లాగింది.

"కూర్చోండి, ఆయనా మనలాగే హోంవర్కు చెయ్యడానికి వచ్చినవాడే."

ఒకే రంగంలో పనిచేసేవారు ఒకే చోట ఉంటే చర్చ బాగా సాగుతుందని ఆ తరువాత మమ్మల్నిద్దరినీ ఒకే గ్రూపులో వేశారు. ఈ నిర్ణయం ఎవరిదో నాకు తెలియదు. ఎవరినీ తప్పుపట్టడం లేదు.

3. తమ సంస్థ నియమం ప్రకారం గేటు దాటి లోపలికి వచ్చాక హోదాలు ఉండవు, ఎవరూ ఎవరినీ సార్ అనకూడదు. ఈ నియమం పాటించడానికి నేను శక్తివంచన లేకుండా ప్రయత్నించాను. ప్రతిసారీ మాట సగం దాకా వచ్చేది, మిగతా సగం మింగేసేదాన్ని. బ్యాంకు ఆవిడ నాకు నత్తి ఉందనుకుని చాలా రోజులు జాలిపడింది.

4. గత శనివారం 'మనుషులతో పని' అనే పేపరులో, ఒక మనిషిని ఉద్యోగం నుంచి తీసేసేటప్పుడు ఎలా మాట్లాడాలి అన్నది పాఠం. అధ్యాపకురాలు ఒక గుడ్డసంచిలోంచి చీటీలు తీయించారు. నాకు యజమాని చీటీ వచ్చింది. పెద్దసారుకు ఉద్యోగం పోయే మేనేజరు చీటీ వచ్చింది. అధ్యాపకురాలు బోర్డు మీద ఇలా రాశారు: నిర్ణయం మొదటి వాక్యంలోనే చెప్పాలి. గొంతు పెంచకూడదు. క్షమాపణ అడగకూడదు. బద్ధకస్తుడు, బాధ్యత లేనివాడు అని మనిషికి పేర్లు పెట్టకూడదు, జరిగిన సంగతులు మాత్రమే చెప్పాలి.

మిగతా గ్రూపుల వారు సంగతులు కల్పించి చెప్పారు. లేని ఫ్యాక్టరీలు, లేని నష్టాలు. నాకు కల్పించడం చేతకాదు అయ్యా. టీచరు ఏది చెబితే అది చెప్పినట్టు చెయ్యడం వల్లనే నేను ఇంత దూరం వచ్చాను. జరిగిన సంగతులు చెప్పమన్నారు. జరిగిన సంగతులే చెప్పాను.

"కూర్చోండి. ఈ రోజుతో మీ ఉద్యోగం అయిపోయింది," అన్నాను.

"అయ్యో, ఏం చేశానండీ?" అన్నారు ఆయన నవ్వుతూ. క్లాసంతా నవ్వింది.

"చివరి రోలర్ దగ్గర ఆవిరి గొట్టం కారుతోందని మీకు ఎన్నోసార్లు చెప్పారు. చూద్దాం అన్నారు. ఒకామె ముంజేయి కాలింది. ఆమెను ఆసుపత్రికి బండెక్కిస్తుంటే మీరు గేటు ముందు కొత్త బోర్డు పక్కన ఫొటో దిగుతున్నారు."

ఆయన నవ్వు ముఖం మీదే ఉంది, కళ్ళలోంచి మాత్రం పోయింది.

"గొట్టం సంగతి నాకెవరూ చెప్పలేదే."

"నేనే చెప్పాను," అనేశాను. వెంటనే దిద్దుకుని, "మీ సూపర్‌వైజరు చెప్పింది. మీరు ఫోను చూస్తూ తలూపారు," అన్నాను.

"చూడండి, నా కింద అంతమంది మనుషులున్నారు..."

"వాళ్ళలో మడత బల్ల దగ్గర పనిచేసే ఒక్కరి పేరు చెప్పండి."

ఆయన ఫోను తీసి, అందులో పేర్లున్నాయేమో అన్నట్టు వేలితో జరుపుతూ పోయారు.

"తాళాలు బల్ల మీద పెట్టి వెళ్ళండి," అన్నాను. ఇది కూడా పాఠంలో ఉన్నదే, సంస్థ వస్తువులు తిరిగి తీసుకోవాలని.

ఆయన జేబులోంచి తాళాలు తీసి పెట్టారు. నిజం తాళాలు. లాండ్రీ ఆఫీసువి, బాయిలరు గదివి. లేచి వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నారు. క్లాసంతా చప్పట్లు కొట్టింది. "ఇది చూసి నేర్చుకోండి," అన్నారు అధ్యాపకురాలు. నా జీవితంలో నా కోసం ఎవరైనా చప్పట్లు కొట్టడం అదే మొదటిసారి. ఆ సంతోషం, తాళాలు అక్కడే మరిచిపోయి ఆయన వెళ్ళిపోయారని చూసుకునేదాకా ఉంది. తీసుకుని వెనకాలే పరుగెత్తి, "సార్, తాళాలు," అన్నాను. నియమం ఉల్లంఘించినందుకు మన్నించగలరు.

ఆయన తాళాలు తీసుకున్నారు. నా వైపు చూసి, జేబులో వేసుకుని వెళ్ళిపోయారు.

5. సోమవారం నేను పనిలోకి వెళ్ళేసరికి చివరి రోలర్ దగ్గర మెకానిక్కులున్నారు. గొట్టం మారుస్తున్నారు. సంతోషించవలసిన విషయమే. కానీ పెద్దసారు ఎవరో చెప్పిన మాట విని ఒక పని చేయించడం మా లాండ్రీలో ఎవరూ చూసి ఎరగరు. ఆ తరువాత ఆయన నేరుగా నా దగ్గరికి వచ్చి, ముందుగా తనే నమస్తే చెప్పి, "టీ తాగావా అమ్మాయ్?" అని అడిగారు.

తమకు ఇందులో భయపడవలసింది ఏముందని తోచవచ్చు. కావున వివరిస్తాను. మా దగ్గర రోలర్ అక్క అని ఒకామె ఉండేది. నేను క్లాసులో చెప్పిన ఆమె చెయ్యి కాలినప్పుడు అందరి ముందూ ఆయన్ని నిలదీసింది ఈ అక్కే. ఆయన కోపం తెచ్చుకోలేదు. వారం పాటు కనిపించినప్పుడల్లా టీ తాగావా, పిల్లలు బాగున్నారా అని అడిగారు. "మొగుడు కూడా ఇంత మర్యాదగా అడగలేదే నన్ను," అని ఆమె మాకు చెప్పి నవ్వింది. వారం తిరిగేసరికి ఆమె గేటు బయట ఉంది. అప్పటి నుంచి మా లాండ్రీలో టీ తాగావా అని ఎవరు అడిగినా మాకు చెమటలు పడతాయి.

6. ఆయన నన్ను రోజూ అడుగుతున్నారు.

7. మంగళవారం ఆఫీసు గుమస్తా గారు నన్ను మెట్ల దగ్గర ఆపారు.

"నీ ఫైలు పైకి తెప్పించుకున్నాడు పెద్దసారు. ఏం చేశావమ్మా తల్లీ?"

"హోంవర్కు చేశానండీ."

"ఏం హోంవర్కు?"

"ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశాను."

గుమస్తా గారు అటూ ఇటూ చూసి, ఒక మెట్టు పైకెక్కి నిలబడ్డారు. ఆ తరువాత నాతో కలిసి నడుస్తుండగా ఎవరికైనా కనిపించడం ఆయనకు ఇష్టం లేనట్టు తోస్తోంది.

8. ఈ శనివారం అదే అభ్యాసాన్ని పాత్రలు తిరగేసి చేయిస్తామని అధ్యాపకురాలు ఆ క్లాసులోనే ప్రకటించారు. అనగా పెద్దసారు యజమాని, నేను ఉద్యోగం పోయే మనిషిని. "ఈ రోజు లాగే నిజమైన వివరాలతో సిద్ధమై రండి," అని కూడా అన్నారు. ఆయన సిద్ధమవుతున్నారు. నా ఫైలు ఆయన బల్ల మీద ఉంది.

ఇక్కడ నాకున్న సందేహాలను తమ దృష్టికి తెస్తున్నాను. ఆయన ఈ రోజుతో నీ ఉద్యోగం అయిపోయింది అన్నప్పుడు, అది పాఠమా, నిజంగా పంపెయ్యడమా? ఎవరిని అడిగి తెలుసుకోవాలి? గుర్తింపు కార్డు బల్ల మీద పెట్టమంటే పెట్టాలా? పెట్టకపోతే పాత్ర సరిగా పోషించలేదని మార్కులు పోతాయి. పెడితే, ఆయన నా వెనకాల పరుగెత్తి వచ్చి తిరిగి ఇస్తారా? సోమవారం గేటు దగ్గర కాపలా మనిషి కార్డు చూపించమంటే, అది క్లాసులో అభ్యాసంలో ఉండిపోయిందని చెబితే నమ్ముతాడా?

9. పోనీ క్లాసు మానేద్దామంటే ఈ పేపరుకు హాజరు తగ్గితే పరీక్షకు అనుమతించరు. పరీక్ష రాయకపోతే రెండో సంవత్సరం లేదు. అంతా సవ్యంగా జరిగినా, రెండో సంవత్సరంలో చేరాలంటే నేను పనిచేసే చోటి నుంచి అనుమతి పత్రం తేవాలి. ఆ పత్రం మీద సంతకం పెట్టవలసినది పెద్దసారే.

10. క్లాసులో జరిగిన సంగతంతా మా అమ్మకు చెప్పాను. సోమవారం పొద్దున పనిలోకి నడిచి వెళ్తూ చెప్పాను. విని, దారి మధ్యలో ఆగిపోయింది.

"ఏం చదువే ఇది? మనుషుల్ని తీసెయ్యడం కూడా క్లాసు పెట్టి నేర్పుతారా? మా రోజుల్లో మేస్త్రీ ఏ చదువూ లేకుండా ఒక్క చేతి ఊపుతో చేసేవాడు."

"మర్యాదగా ఎలా తియ్యాలో నేర్పుతారమ్మా."

"మర్యాదగా తీస్తే కడుపు నిండుతుందా? నోరు మూసుకోవడం నేర్పే క్లాసు లేదా మీ బళ్ళో? దానికెళ్ళకపోయావా!"

తిట్టింది కదా, అంతటితో సరి అనుకున్నాను. కానీ ఆ రోజు నుంచి అమ్మ బల్ల దగ్గర కూర్చోవడం లేదు. నడుం నొప్పికి మధ్యలో కాసేపు సంచుల మీద కూలబడేది, అది మానేసింది. నీళ్ళు తాగడానికి కూడా పక్కకు రావడం లేదు. పెద్దసారు అటువైపు వస్తే చాలు, చేతులు రెట్టింపు వేగంతో ఆడతాయి. ఆయన ఆమెను ఇప్పటిదాకా గమనించలేదు. ఆమె నాకు తల్లి అని ఆయనకు తెలియదు. తెలిస్తే నా మీద కోపం ఆమె మీదికి మళ్ళుతుందని అమ్మ లాండ్రీలో నాతో మాట్లాడటం కూడా మానేసింది. మధ్యాహ్నం అన్నం నేనొక మూల, ఆమె ఒక మూల తింటున్నాం.

11. అయ్యా, ఇంకొక్క మాట. ఆ రోజు నేను చెప్పిన వాటిలో అబద్ధం ఒక్కటీ లేదు. ఆయన మీద పగతో చెప్పలేదు. నిజానికి ఆ మాటలు అంటున్నంతసేపూ ఎదురుగా ఉన్నది ఆయనేనని నాకు స్ఫురణకే రాలేదు. బోర్డు మీదున్న వాక్యాలే కనిపించాయి. అది తలుచుకుంటే ఇప్పుడు ఆయన కంటే నన్ను చూస్తేనే నాకు ఎక్కువ భయమేస్తోంది.

కావున తమరు దయతో పరిశీలించి,

(అ) నా గ్రూపు మార్చవలసిందిగానూ,

(ఆ) అది వీలుకాకపోతే ఉద్యోగం పోయే పాత్రను ధైర్యవంతులెవరికైనా ఇప్పించవలసిందిగానూ (బ్యాంకు ఆవిడ తను చేస్తానంటోంది, "నన్ను తీసేస్తే హాయిగా నిద్రపోతాను" అన్నది),

(ఇ) అదీ వీలుకాని పక్షంలో, సదరు శనివారం సదరు గదిలో నా ఉద్యోగం తీసివేయబడినప్పటికీ సోమవారం నా ఉద్యోగం యథాతథంగా ఉంటుందని తెలుపుతూ సంతకం, ముద్ర గల కాగితం ఒకటి ముందుగానే ఇప్పించవలసిందిగానూ వేడుకుంటున్నాను. కాపలా మనిషికి చదవడం వచ్చు. పెద్ద అక్షరాలతో ఉంటే చాలు.

తమరు తీరిక చేసుకుని ఈ మొర చిత్తగించవలెనని, శనివారం లోపల చిత్తగించవలెనని కోరుతూ,

తమ విధేయురాలు,
మొదటి సంవత్సరం విద్యార్థిని, షిఫ్టు సూపర్‌వైజరు (ఈ అర్జీ రాసేనాటికి).

తా.క. అయ్యా, పై అర్జీ బుధవారం రాశాను. ఇప్పుడు శుక్రవారం సాయంత్రం. ఉతికిన దుప్పట్ల గదిలో నిలబడి ఇది రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే క్షమించండి, కాగితం కింద మెత్తటి దుప్పట్లే ఉన్నాయి.

షిఫ్టు అయిపోతుండగా పెద్దసారు పిలిపించారు. శనివారం దాకా కూడా ఆగలేదు అనుకున్నాను. కార్డు మెడలోంచి తీసి చేత్తో పట్టుకునే వెళ్ళాను.

"కూర్చో అమ్మాయ్," అన్నారు. ఆ గదిలో నన్ను ఎవరూ ఎప్పుడూ కూర్చోమనలేదు. అంచు మీద కూర్చున్నాను.

"నీ ఫైలు నేనే తెప్పించాను."

"సార్, ఆ రోజు నేను కావాలని అనలేదు సార్. టీచరు గారు..."

"ఆగాగు. ఆ రోజు గురించే. నేనిక్కడ ఎంతమందిని పంపించానో నాకే లెక్కలేదు. ప్రతిసారీ ఏడుపులు, శాపనార్థాలు, గేటు దగ్గర గోల. నువ్వు నన్ను తీసేస్తే ఏం జరిగింది? తాళాలు తీసి పెట్టేశాను! నాకు తెలియకుండానే! ఇంటికెళ్ళి మా ఆవిడకు చెప్తే, 'ఎవరా పిల్ల, మీ నోరు మూయించింది?' అంది. అప్పుడు తట్టింది నాకు. ఇది అందరికీ వచ్చే విద్య కాదు."

నేను కార్డు తాడు వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాను.

"మడత మిషను వస్తోంది. ఆ బల్ల తీసేస్తున్నాం. అక్కడి వాళ్ళందరితో ఎవరో ఒకరు మాట్లాడాలి. ఒక్కొక్కళ్ళనీ కూర్చోబెట్టి, నువ్వు నాతో మాట్లాడావే, అలాగ. చిన్న వాక్యాలు, గొంతు పెంచకుండా. నిన్ను సిబ్బంది ఆఫీసరును చేస్తున్నాను. కాగితాలు తయారవుతున్నాయి. నీ రెండో సంవత్సరం పత్రం మీద కూడా సంతకం పెట్టేశాను, ఇదిగో."

నిజంగానే పెట్టారు. తేదీతో సహా.

"సార్, మడత బల్ల దగ్గర మా అమ్మ ఉంది."

ఆయన ఆశ్చర్యపోయారు. నా ఫైలు తిరగేశారు. అందులో అటువంటిదేమీ రాసిలేదు.

"అలాగా! ఎవరు? ఆ పొడుగాటావిడా?"

"కాదు సార్. బల్ల చివర నిలబడుతుంది."

ఆయన నా ఫైలు మూసి పక్కకు జరిపారు. పాపం, ఇబ్బంది పడుతున్నారేమో అనుకున్నాను. తరువాత ఆయన ముఖం విప్పారింది.

"అయితే ఇంకా మంచిది. ఆవిడతోనే మొదలుపెట్టు. సొంత తల్లికే చెప్పిందంటే మిగతావాళ్ళెవరూ నోరెత్తరు. సోమవారం పొద్దున్నే కూర్చుందాం. రేపు క్లాసులో నేను నిన్నేమీ అననులే, ఏదో తూతూమంత్రంగా కానిచ్చేద్దాం. సరేనా?"

దానికి నేనేమన్నానో నాకు గుర్తుకు రావడం లేదు అయ్యా. మెట్లు దిగేటప్పటి నుంచీ గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తున్నాను. సరే సార్ అన్నానేమో. ఇన్నేళ్ళుగా ఆ గది గుమ్మం దగ్గర నా నోరు అన్నది ఆ ఒక్క మాటే. అలవాటున అనేసి ఉంటుంది.

ఉద్యోగం పోతుందని భయపడి పై అర్జీ రాశాను. ఇప్పుడు ఉంటుందని తెలిసింది. కాబట్టి (అ), (ఆ), (ఇ) కోరికలు మూడూ రద్దు చేసుకుంటున్నాను. వాటి బదులు ఒక్కటే అడుగుతాను. తమ సిలబసు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా మళ్ళీ చూశాను. మనిషిని పనిలోకి ఎలా తీసుకోవాలో ఉంది, ఎలా తీసెయ్యాలో ఉంది, బేరం ఎలా ఆడాలో, నలుగురిలో ఎలా మాట్లాడాలో ఉన్నాయి. పైవాడు చెప్పిన పనిని చెయ్యనని అతని ముఖం మీద ఎలా చెప్పాలో ఎక్కడా లేదు. ఆ పాఠం రేపే పెట్టించండి. చీటీలు అక్కర్లేదు. ఆయన ఆయనగానే కూర్చుంటారు, నేను నేనుగానే నిలబడతాను. క్లాసంతా ఉంటుంది కాబట్టి అనగలనేమో. నిర్ణయం మొదటి వాక్యంలోనే చెప్పాలని నాకు తెలుసు. దుప్పట్ల వైపు తిరిగి ఇప్పటికి చాలాసార్లు అని చూశాను. దుప్పట్లతో అయితే వస్తోంది.

ఈ కాగితం రేపు క్లాసు మొదలవకముందే తమ చేతికే ఇస్తాను. ఇక వెళ్ళాలి. కిటికీలోంచి గేటు కనిపిస్తోంది. అందరూ వెళ్ళిపోయారు. అమ్మ ఒక్కతే నిలబడి ఉంది, సోమవారం నుంచి నాతో కలిసి నడవడం కూడా మానేసింది కదా, ఎవరూ చూడటం లేదని ఈ రోజు ఆగినట్టుంది. నేను పెద్దసారు గదిలోకి వెళ్ళడం చూసింది. వెళ్ళగానే అడుగుతుంది, సారు ఏమన్నారే అని.